కాన్వెంటు సైకిలుకు క్రోమ్ ఎందుకు వద్దన్నానంటే

గుడియాత్తం,
ఆదివారం మధ్యాహ్నం.

మా అమ్మాయి జెన్సికి,

అప్ప ఏసుదాస్ ప్రేమతో, ఆశీస్సులతో రాసేది. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ మీ అమ్మా లేస్తున్నాం, తింటున్నాం, రోజుకు రెండుసార్లు పోట్లాడుకుంటున్నాం. అంటే కులాసాగా ఉన్నామనే అర్థం. నువ్వూ, మీ మదర్ గారూ, నీతోటి సిస్టర్ శిక్షణలో ఉన్న నోవిస్ పిల్లలూ అంతా ఆరోగ్యంగా ఉన్నారని నమ్ముతున్నాను.

కవరు విప్పగానే తెలుగు అక్షరాలు చూసి నువ్వు ఆశ్చర్యపోయి ఉంటావు. ఇన్నాళ్ళూ మనది తమిళంలోనే కదా. నేను రాయడం, చివర్లో మీ అమ్మ నాలుగు వాక్యాలు అతికించడం. నెల్లూరు వెళ్ళాక నీకు తెలుగు చదవడం బాగా వచ్చిందని పోయిన ఉత్తరంలో రాశావు. మా నాయన సామ్యుల్ పలమనేరు పక్క మనిషి కాబట్టి, నాకు చిన్నప్పుడే తెలుగు బైబిలు మీద వేలు పెట్టించి అక్షరాలు నేర్పించాడు. మీ అమ్మ పొద్దున లేచింది మొదలు తెలుగే మాట్లాడుతుంది గానీ ఒక్క ముక్క చదవలేదు. తెలుగులో రాయడానికి అదే కారణం. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. పొద్దున మెట్ల దగ్గర 'ఏసయ్యా' అంటుంది, సాయంత్రం అవే మెట్లు దిగుతూ నన్ను తిడుతుంది. పళ్ళికొండలో మీ సుగంతి అత్త బాగుంది. నువ్వు సిస్టర్‌గా మాట ఇచ్చే వ్రతాల పండుగకు రావడానికి ఇప్పుడే చీర తీసి పెట్టుకుందట. నా చేతుల దురద తగ్గిందా అని అడిగావు. పూత షాపు నికెల్ తొట్టిలో ముప్పై నాలుగేళ్ళు ముంచి తీసిన చేతులమ్మా, అవి తగ్గేవి కావు. కొబ్బరినూనె రాసుకుంటున్నాను. ఈ మధ్య మధ్యాహ్నం మూడయ్యేసరికి నిలబడలేకపోతున్నాను. పని పెద్దగా ఏమీ లేదు, చెప్పుల కంపెనీలకు పోయే బకిల్స్ తప్ప. పని లేకపోయినా అలసట మాత్రం టైముకు వచ్చేస్తుంది.

ఇక నువ్వు రాసిన రెండు సంగతులు. ఒకటి సైకిలు. సిస్టర్లు ఊళ్ళకు తిరిగే కాన్వెంటు సైకిలు తుప్పు పడుతోందనీ, ఫ్రేముకు క్రోమ్ వేయించాలని మదర్ గారి ఆలోచన అనీ, ఒక షాపువాడు పద్నాలుగు వందలన్నాడనీ, ఇంకొకడు నాలుగు వేలన్నాడనీ, ఏది న్యాయమో అప్పను అడిగి చెబుతానన్నాననీ రాశావు. రెండోది, వ్రతాలకు ముందు ధ్యానంలో 'దేవుడు నిన్ను పిలిచిన క్షణం' రాయమంటే, పళ్ళికొండ దగ్గర నువ్వు సైకిలు మీంచి పడ్డ సంగతి రాశానన్నావు. 'ఆ గుంత దేవుడు నా కోసమే తవ్వించాడు అప్పా' అన్నావు. ఆ వాక్యం చదివాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

డిసెంబరు ఎనిమిదిన నువ్వు వ్రతాలు తీసుకోబోయే ముందు నీకు ఒక సంగతి తెలిసి తీరాలి. నేరుగా మొదలుపెట్టడానికి నాకు చేతకావడం లేదు. సైకిలు నుంచి మొదలుపెడతాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

పద్నాలుగు వందలవాడు మోసగాడు కాదు, నాలుగు వేలవాడు దోపిడీదారు కాదు. ఇద్దరూ వేసేది ఒకే క్రోమ్. ఆ తొట్టిలో ఫ్రేము ఉండేది మూడు నాలుగు నిమిషాలు. క్రోమ్ అంటే ముఖానికి పౌడరు లాంటిది తల్లీ. తుప్పును ఆపేది దాని కింద ఉండే నికెల్. నికెల్ తొట్టిలో అరగంట నానాలి. అంతకు ముందు రాగి పూత. దానికంటే ముందు పాత పెయింటు ఊడదీసి, ఆసిడ్‌లో తుప్పు కడిగి, బఫింగ్ చక్రం మీద ఒక మనిషి పొద్దస్తమానం రుద్దాలి. సైకిలు ఫ్రేముకు మూలలు, అతుకులు ఎక్కువ. తలుపు గొళ్ళెం రుద్దినట్టు రుద్దితే కుదరదు. రేటు తగ్గించమని కస్టమరు బేరమాడితే మేము క్రోమ్ తగ్గించం, అది కంటికి కనబడుతుంది కదా. రాగి ఎగ్గొడతాం, నికెల్ ఐదు నిమిషాలకే తీసేస్తాం. ఇచ్చే రోజు రెండు ఫ్రేములూ ఒకేలా మెరుస్తాయి. కస్టమరు అందులో ముఖం చూసుకుని తల దువ్వుకుని మరీ పోతాడు. ఒక్క వానాకాలం పోయాక చూస్తే పద్నాలుగు వందలదాని మీద ఆవాలు చల్లినట్టు తుప్పు చుక్కలు లేస్తాయి.

కాబట్టి క్రోమ్ వేయించేటట్టయితే నాలుగు వేలవాడి దగ్గరే వేయించాలి. అయినా నేను వద్దే అంటున్నాను. బాగా గీకించి, ఎర్ర ప్రైమరు కొట్టించి, పైన మంచి నల్ల పెయింటు వేయిస్తే చాలు. 'మీ అప్పనే వేసి పంపమను, పార్శిల్ బస్సులో పెడతాం' అన్నారట మదర్ గారు. అది నా వల్ల కాదని చెప్పు. నేను సైకిలు ఫ్రేములు ముట్టుకుని నాలుగేళ్ళయింది.

పోయిన నెల కే.వి.కుప్పం నుంచి విజయకుమార్ అని ఒక రైతుబిడ్డ వచ్చాడు. వేలూరులో ఆదివారాలు సైకిళ్ళు తొక్కే సంఘం ఒకటి ఉందట. మూడు పాత ఫ్రేములు కారులో వేసుకుని వచ్చాడు. మంచివాడు, మర్యాద తెలిసినవాడు.

"అన్నా, వేలూరంతా వెతికినా. గుడియాత్తంలో ఏసుదాస్ అని ఉండాడు, ఆయన చెయ్యి పడితే ఇరవై ఏండ్లు చెదరదు అని చెప్పినారు. ఎంతైనా ఇస్తా" అన్నాడు.

"నేను ఫ్రేములు చెయ్యనప్పా. తప్పుగా అనుకోవద్దు" అన్నాను.

"ఏమన్నా, బకిల్‌కు వేసేది ఫ్రేముకు వెయ్యకూడదా?"

నేను బకిల్స్ తీగకు గుచ్చుకుంటూ కూర్చున్నాను. షాపు ఓనరు రాజమాణిక్యానికి ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లవాడు వెళ్ళగానే నా మీద పడ్డాడు.

"ఏం ఏసుదాసూ, వాకిట్లోకి వచ్చిన పనిని తరిమేస్తా ఉండావే! బకిల్స్‌తో షాపు బాడుగ కట్టేది యాడ? నాలుగేండ్లుగా చూస్తా ఉండా. సైకిలు అంటే చాలు, దయ్యాన్ని చూసినట్టు ముఖం పెట్టేస్తావు. ఏం జరిగినాది, చెప్పరాదా?"

"కళ్ళు సరిగా కనబడవన్నా" అన్నాను. నీకు కూడా పోయిన ఏడాది అదే రాశాను, కంటిచూపు తగ్గిందని. నా కళ్ళకు ఏమీ కాలేదు తల్లీ.

ఇప్పటికైనా రాస్తాను. ఫ్రేముకు క్రోమ్ వేసేటప్పుడు పైన చేసేదంతా ఒక ఎత్తు, లోపల చేసేది ఒక ఎత్తు. ఫ్రేము అంటే గొట్టాలు. తొట్టిలో ముంచేముందు సీటు దగ్గర, హ్యాండిలు దగ్గర, పెడళ్ళ దగ్గర ఉన్న నోళ్ళన్నీ రబ్బరు బిరడాలు పెట్టి మూసేయాలి, ఆసిడ్ లోపలికి పోకుండా. ఎంత మూసినా కొంచెం దిగుతుంది. అందుకని పని అయ్యాక బిరడాలన్నీ పీకి, బట్టల సోడా కలిపిన నీళ్ళు గొట్టాల్లోకి పోసి, ఊపి, మూడుసార్లు కడిగి, తలకిందులుగా రెండు రోజులు ఎండలో నిలబెట్టి, ఆఖరున లోపల నూనె పోసి తిప్పాలి. చాలా షాపుల్లో ఇది చెయ్యరు. అడిగేవాడు ఉండడు, చూసేవాడు ఉండడు. నేను మాత్రం ముప్పై ఏళ్ళలో ఒక్క ఫ్రేముకూ ఎగ్గొట్టలేదు. రాజమాణిక్యం నవ్వేవాడు, 'ఏసుదాస్ ఫ్రేములకు జ్ఞానస్నానం చేయిస్తాడు' అని. ఒక్క ఫ్రేముకూ ఎగ్గొట్టలేదని రాశాను చూడు. ఒక్కదానికి ఎగ్గొట్టాను.

నీకు పదకొండో తరగతిలో సర్కారు ఉచిత సైకిలు ఇచ్చింది గుర్తుందా? స్టాండులో నాలుగు వందల సైకిళ్ళు, అన్నీ ఒకే రంగు. మొదటి నెలలోనే నీ సైకిలు ఎవరో మార్చుకుపోయారు. బెల్లు లేనిది ఒకటి నీకు మిగిల్చారు. నువ్వు ఏడుస్తూ ఇంటికి వచ్చావు. "ఏడవద్దు నాయనా, ఈ గుడియాత్తంలో నీ సైకిలు లాంటిది ఇంకొకటి లేకుండా చేస్తా" అన్నాను. శుక్రవారం విప్పాను. నా చేత్తో రుద్దాను. రాగి వేశాను, నికెల్‌లో నలభై నిమిషాలు ఉంచాను. జీవితంలో నేను అంత మంచి పూత ఎవరికీ వెయ్యలేదు, ఇకమీదట వెయ్యలేను కూడా.

శనివారం పొద్దున్నుంచి కరెంటు లేదు. మూడు గంటలకు వచ్చింది. క్రోమ్ అయ్యేసరికి ఐదు. మరుసటి రోజు చర్చిలో పంటల పండుగ. ఊరంతా చూసేటట్టు ఆ సైకిలు మీద నిన్ను చర్చికి పంపాలని నాకు ఆశ. నువ్వు బడి నుంచి నేరుగా షాపుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డావు.

"అప్పా, అయిపోయిందా? అబ్బా, ఎంత బాగుండాది! ఇట్లనే తీసుకోని పోతా" అన్నావు.

సీటు గొట్టం బిరడా తీశాను. అది వదులయిపోయి ఉంది. ఫ్రేము పక్కకు వంచితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించింది. నాకు స్పష్టంగా వినిపించింది జెన్సీ. ఆసిడ్ దిగిందని నాకు తెలుసు. వంచి పోసేశాను, అర గ్లాసు దాకా వచ్చింది. సోడాతో కడగాలి, రెండు రోజులు ఎండబెట్టాలి. ఎండ వాలిపోయింది, నువ్వు గుమ్మంలో గంతులేస్తున్నావు. 'సోమవారం మళ్ళీ విప్పి కడుగుదాంలే' అనుకుని గ్రీజు పెట్టి చక్రాలు బిగించి ఇచ్చేశాను.

సోమవారం నువ్వు బడికి తీసుకుపోయావు. తర్వాతి సోమవారం బకిల్స్ ఆర్డరు. ఆపైన మరిచిపోయాను. మరిచిపోయానని రాయడం కూడా పూర్తి నిజం కాదు. అప్పుడప్పుడు గుర్తొచ్చేది. కడగాలంటే అంతా విప్పాలి, పైన చూస్తే అద్దంలా ఉంది, దీనికేమవుతుందిలే అనుకునేవాణ్ణి. ఒకటిన్నర సంవత్సరం అనుకున్నాను. వేరేవాళ్ళ సైకిలు అయితే మరుసటి రోజే పిలిపించి కడిగి ఉండేవాణ్ణి. మన ఇంట్లోదే కదా, ఎప్పుడైనా చేసుకోవచ్చని వదిలేశాను.

నీకు వేలూరు కాలేజీలో కెమిస్ట్రీ సీటు వచ్చిన రోజు గుర్తుందా? మా తొట్టిలో కాగితం ముంచి, రంగు చూసి, 'అప్పా, నీ నికెల్‌కు పులుపు ఎక్కువయింది' అని చెప్పే పిల్లవి నువ్వు. ఆ కబురు అత్తకు నీ నోటితోనే చెప్పాలని పళ్ళికొండకు సైకిలు మీద పోయావు. హైవే పక్క రోడ్డు మీద పడ్డావు. వెనకాల వచ్చే లారీవాడు బ్రేకు తొక్కాడు కాబట్టి సరిపోయింది. వేలూరు పెద్దాసుపత్రిలో ఆరు రోజులు నీకు స్పృహ లేదు.

మూడో రోజు పళ్ళికొండ టీకొట్టాయన మునిరాజ్ ఫోను చేశాడు, సైకిలు నా దగ్గర ఉంది, వచ్చి తీసుకుపో అని. పోయాను. పెడళ్ళ దగ్గర, కిందికి దిగే గొట్టం రెండు ముక్కలై ఉంది. విరిగిన చోట వేలు పెట్టి చూశాను. బయట నా నికెల్, నా క్రోమ్ చెక్కు చెదరలేదు. లోపల ఇనుము కాగితమంత మిగిలింది. గొట్టంలోంచి తుప్పు పెచ్చులు గుప్పెడు రాలాయి. అడుగున చేరిన ఆసిడ్ ఒకటిన్నర సంవత్సరం తింటూ కూర్చుంది.

"గుంతలో పడినాదా పాప?" అని మునిరాజ్‌ను అడిగాను.

"గుంత యాడ ఉండాది అన్నా? చూడు, రోడ్డు పోయిన నెలే వేసినారు. పాప చక్కగా పక్కన పోతా ఉండాది. ఉన్నట్టుండి సైకిలు కుంగిపోయినాది, అంతే" అన్నాడు.

నేను ఆ రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రెండుసార్లు నడిచాను. గుంత లేదు తల్లీ. దేవుడు తవ్వించిందీ లేదు, మునిసిపాలిటీ తవ్వించిందీ లేదు. సైకిలును షాపుకు తెచ్చి, రంపంతో నాలుగు ముక్కలు కోసి పాతసామాన్లవాడికి వేసేశాను. మీ అమ్మకు 'నుజ్జునుజ్జయిపోయినాది, పారేసినా' అని చెప్పాను.

ఆరో రోజు నువ్వు కళ్ళు తెరిచావు. మొదటి మాట ఏమన్నావో నీకు గుర్తుండకపోవచ్చు. "అప్పా, సైకిలు పాడు చేసేసినా. గుంత ఉన్నట్టుండాది, చూసుకోలేదు. మన్నించప్పా" అన్నావు. స్పృహ తప్పిన మనిషికి మధ్యలో జరిగింది తెలియదు కదా, నీకు నువ్వే ఒక గుంత కల్పించుకున్నావు. నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పకపోగా ఏమన్నానో తెలుసా? "ఇంకమీదట చూసి పోవాల నాయనా" అన్నాను. నీ తల నిమురుతూ, తప్పు నీదే అన్నట్టు బుద్ధి చెప్పాను. నేను చేసిన పనులన్నిటిలోకీ అది నీచమైన పని. ఆసిడ్ కడగకపోవడం కూడా దాని ముందు చిన్నదే.

ఆ ఆరు రోజుల్లో ఆసుపత్రి వరండాలో మీ అమ్మ మొక్కుకుంది, బిడ్డ లేస్తే దేవుని సేవకే ఇచ్చేస్తానని. పదిహేను రోజుల తర్వాత నీకు చెప్పింది. నువ్వు కాలికి కట్టుతో పడుకుని చాలాసేపు పైకప్పు చూశావు. "సరేమ్మా" అన్నావు. కాలేజీలో చేరే గడువు ఆ వారంతోనే అయిపోయింది. అప్పుడైనా నేను నోరు విప్పలేదు. విప్పితే మీ అమ్మ ముఖం చూడలేననీ, నువ్వు నా ముఖం చూడవనీ భయం. నువ్వు కాన్వెంటుకు వెళ్ళిన రోజు కాట్పాడి స్టేషనులో అందరూ నేను కూతురు పోతోందని ఏడుస్తున్నాననుకున్నారు.

సోమవారం పొద్దున.

నిన్న ఇంతవరకు రాసి ఆపేశాను. ఈ పొద్దున మళ్ళీ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటే మీ అమ్మ చిక్కుడుకాయలు తీసుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏం రాస్తా ఉండావు అంత పొడుగ్గా? దాంట్లోనూ తెలుగులో! నన్నొక మాట రాయనీకుండా?"

"సైకిలు రేట్లు అడిగినాది. రాస్తా ఉండా."

"రేట్లు రాసేదానికి ఎవురైనా ఏడస్తారా?" అంది.

నేను ఏడుస్తున్నట్టు నాకే తెలియదు. "చదువు" అంది. బకిల్స్ సంగతి, విజయకుమార్ సంగతి చదివి ఆపాను. "ఇంకా నాలుగు కాగితాలు ఉండాయి కదా, చదువు" అంది. చదివేశాను. ఒక్క అక్షరం దాటవేయలేదు. తనకు తెలుగు చదవడం రాదనే తెలుగులో రాస్తున్నానన్న మాట కూడా చదివాను. చిక్కుడుకాయలు అలాగే చేతిలో పట్టుకుని విన్నది.

లేచి వెళ్ళి అన్నం వార్చి వచ్చింది.

"నాలుగేండ్లు దినమూ నా పక్కన మోకరించి ప్రార్థన చేసినావు" అంది. "మన బిడ్డను కాపాడినందుకు స్తోత్రం అని నేనంటే నువ్వు ఆమెన్ అన్నావు."

నేను పెన్నుకు మూత పెట్టాను.

"పడగొట్టింది ఎవురో ప్రభువుకు తెలుసు. నీకు తెలుసు. నేనొకదాన్నే తెలీని పిచ్చిదాని మాదిరి ఆయనతో బేరం పెట్టుకున్నా. దాన్ని ఒక మాట అడిగినానా? నోరు లేకుండా పడి ఉండే బిడ్డను ఇచ్చేస్తా అన్నా." అప్పుడు ఏడ్చింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, "అది రాయి. నేను చెప్పినట్టే రాయి" అంది.

మీ అమ్మ చెప్పినట్టే రాస్తున్నాను: "జెన్సీ, మొక్కుకున్నది నేను. అది నా అప్పు. నువ్వు కట్టొద్దు. దేవునితో నేను మాట్లాడుకుంటా. నీకు ఆ జాగా నిజంగా ఇష్టమైతే ఉండు, నా కోసం ఉండొద్దు. అమ్మ కోపం చేసుకోదు. సెల్లమ్మ."

సెల్లమ్మ అన్న పేరు మాత్రం తనే రాస్తానని పెన్ను లాక్కుంది. ఆ పక్కనే తమిళంలో రాసింది, చూడు.

ఇక నేను చెప్పేది తక్కువే. ఈ ఉత్తరం చదివి నీకు కోపం వస్తే అది న్యాయం. మదర్ గారికి చూపించాలంటే చూపించు, నేను దాచుకోవలసింది ఏమీ మిగల్లేదు. ఎనిమిదో తేదీన నువ్వు వ్రతాలే తీసుకుంటానంటే మేమిద్దరం వచ్చి ముందు వరుసలో కూర్చుంటాం. వద్దనుకుంటే ఫోను చెయ్యి, నేనే వచ్చి తీసుకువస్తాను. ఇరవై రెండేళ్ళు ఏమంత వయసు కాదు, కెమిస్ట్రీ ఎక్కడికీ పోలేదు. ఊళ్ళోవాళ్ళు అనేది నేను పడతాను. నువ్వు ఏది ఎంచుకున్నా అది నువ్వు ఎంచుకున్నది కావాలి. నా బద్ధకం ఎంచినది కాకూడదు. ఆ రోజు నువ్వు బాగానే తొక్కావు, చూసుకునే తొక్కావు. నన్ను మన్నించమని అడిగే ధైర్యం ఇంకా రాలేదు. వచ్చినప్పుడు నీ ఎదుట నిలబడి అడుగుతాను.

ఇంక కాగితం మడుస్తున్నాను. మీ అమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పితో చర్చికే ఆటోలో పోయే మనిషి, ఇవాళ పోస్టాఫీసు దాకా నాతో నడిచి వస్తానంటోంది. దారిలో నేను మనసు మార్చుకుని కవరు చించేస్తానేమోనని అనుమానమట, స్పీడు పోస్టు రసీదు తన చేతికే ఇప్పించాలట. నాలుగేళ్ళలో మొదటిసారి మీ అమ్మ నన్ను నమ్మడం లేదు తల్లీ. నాకు కొంచెం తేలిగ్గా ఉంది.

ఇట్లు,
నీ అప్ప,
ఏసుదాస్.